కంటి మందు ట్యూబు వెనక ఓ ఉపకార వేతనం

మీ ఇంట్లో ఎప్పుడో ఒకప్పుడు ఆ చిన్న ట్యూబు ఉండే ఉంటుంది. కళ్లు ఎర్రబడి, పుసులు కట్టి, పొద్దున్నే రెప్పలు అంటుకుపోతే రాసుకోమని ప్రభుత్వ ఆస్పత్రిలో ఇచ్చే పసుపురంగు ఆయింట్‌మెంట్. పేరు టెట్రాసైక్లిన్. ఆ కుటుంబంలోని మొట్టమొదటి మందు అమెరికాలోని ఒక పరిశోధనశాలలో తయారైంది. అప్పుడు అక్కడ పరిశోధనలకు పెద్ద దిక్కు మన తెలుగువాడే. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన కంటి డాక్టర్ కాదు. కంటి మీద పరిశోధన చేద్దామని బయల్దేరిన మనిషీ కాదు. అయినా ఆయన పని నాలుగు దారుల్లో మన కంటిదాకా వచ్చింది. ఆ దారులేమిటో చెబుతాను. ముందు ఆయన జీవితాన్ని ఒక చిన్న ప్రశ్న పట్టుకుని చూద్దాం. ఆయన చదువుకు ఫీజు ఎవరు కట్టారు?

ఈ ప్రశ్నే ఎందుకంటే, ఏటా ఫలితాలు వచ్చాక సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఇళ్లలో కూడా ఇదే లెక్క నడుస్తుంది. ఎన్ని మార్కులు వచ్చాయి, ఎక్కడ సీటు వస్తుంది, ఎంత కట్టాలి? లెక్క కుదరకపోతే పిల్లల కోరిక అక్కడే ఆగిపోతుంది.

మూడోసారి గట్టెక్కిన కుర్రాడు

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఏడుగురు పిల్లల్లో ఆయన నాలుగోవాడు. తండ్రిది రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగం. ఆరోగ్యం చెడి ఆయన ముందే ఉద్యోగం మానుకోవడంతో ఇల్లు గడవడం కష్టమైంది. పదమూడేళ్ల వయసులో సుబ్బారావు కాశీకి వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్ముకుని డబ్బు సంపాదిద్దామని ఇల్లు విడిచి బయల్దేరాడు. తల్లి వెతికి పట్టుకుని మళ్లీ బడికి పంపింది.

బడిలో రాణించాడా అంటే అదీ లేదు. రాజమండ్రిలో చదువుతున్న రోజుల్లో దగ్గరివాళ్లు జబ్బులతో పోయారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసు హిందూ హైస్కూల్ నుంచి పాసయ్యాడు. ఆనాడు ఆ కుర్రాడి మార్కులు చూసి స్కాలర్‌షిప్ ఇవ్వాలంటే ఎవరూ ఇచ్చేవారు కాదు.

ఇక్కడ డాక్టరుగా ఒక మాట. సుబ్బారావు తప్పింది చూపు లోపం వల్ల కాదు. కానీ మీ ఇంట్లో పిల్లాడు ఉన్నట్టుండి చదువులో వెనకబడినా, బోర్డు మీద రాసింది పక్కవాడి నోట్సు చూసి ఎక్కించుకుంటున్నా, టీవీకి మరీ దగ్గరగా కూర్చుంటున్నా, తిట్టే ముందు కళ్లు చూపించండి. దగ్గరివి కనిపించి దూరానివి మసకబారే లోపాన్ని పిల్లలు తమంతట తాము చెప్పరు. లోకం అందరికీ అలాగే కనిపిస్తుందనుకుంటారు. బడి పిల్లలకు ఏడాదికోసారి చూపు పరీక్ష చేయిస్తే చాలు. అద్దాలతో పోయే ఇబ్బందికి మొద్దబ్బాయి అన్న పేరు పడకూడదు కదా.

ఫీజు కట్టిన చేతులు

మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదువుతుండగా సుబ్బారావుకు సన్యాసం మీద మనసు పోయింది. రామకృష్ణ మఠంలో చేరతానన్నారు. తల్లి ఒప్పుకోలేదు. డాక్టరయితే మఠం ఆస్పత్రుల్లోనైనా సేవ చేయొచ్చన్న ఆలోచనతో వైద్యం వైపు తిరిగారు. మద్రాసు మెడికల్ కాలేజీలో సీటు దొరికింది కానీ చేతిలో డబ్బు లేదు. కొంత స్నేహితులు సర్దారు. కొంత కస్తూరి సూర్యనారాయణ మూర్తి అనే పెద్దమనిషి భరించారు. తర్వాత 1919లో ఆయన కూతురు శేషగిరినే సుబ్బారావు పెళ్లి చేసుకున్నారు.

గాంధీజీ పిలుపు విని విదేశీ బట్ట మానేసి, సుబ్బారావు ఆపరేషన్ గదిలోకి కూడా ఖద్దరు దుస్తులే వేసుకుని వెళ్లేవారు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు అది నచ్చలేదు. రాత పరీక్షలు బాగా రాసినా ఎంబీబీఎస్ పట్టా దక్కలేదు. అంతకన్నా తక్కువదైన ఎల్.ఎం.ఎస్. ఇచ్చి పంపారు. మద్రాసు వైద్య సర్వీసులోకి దరఖాస్తు చేస్తే అదీ రాలేదు. చివరికి డాక్టర్ ఆచంట లక్ష్మీపతి నడిపే ఆయుర్వేద కాలేజీలో శరీర నిర్మాణ శాస్త్రం చెప్పే పంతులయ్యారు.

ఆ రోజుల్లోనే ఇంట్లో పెద్ద దెబ్బ తగిలింది. స్ప్రూ అనే జబ్బుతో అన్నదమ్ములిద్దరు కొద్దిరోజుల తేడాలో చనిపోయారు. తిన్నది ఒంటికి పట్టక, విరేచనాలతో రక్తం తగ్గిపోయి మనిషి చిక్కిపోయే జబ్బు అది. సుబ్బారావును కూడా ఆ జబ్బు పట్టింది. లక్ష్మీపతి వైద్యంతో బతికి బయటపడ్డారు. ఈ జబ్బులకు మందు కనిపెట్టాలన్న పట్టుదల ఆయనలో అప్పటినుంచే గట్టిపడింది. అందుకు అమెరికా వెళ్లి చదవాలనుకున్నారు.

సరైన పట్టా లేదు. ఉద్యోగం అంతంతమాత్రం. అలాంటి వ్యక్తికి కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తామని మాట ఇచ్చింది. సత్యలింగ నాయకర్ రంగూన్ వెళ్లి వ్యాపారంలో సంపాదించి, ఆ ఆస్తిని పిల్లల చదువుల కోసం రాసిపెట్టి వెళ్లిన దాత. మిగతా డబ్బు మామగారు పోగుచేశారు. ఆ రెండు ఆసరాలతో సుబ్బారావు 1920ల మొదట్లో ఓడెక్కి బోస్టన్ చేరారు. ఇంటి దగ్గర వదిలి వెళ్లిన భార్యను ఆయన మళ్లీ చూడలేదు. తర్వాత పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. ఆ బిడ్డ ముఖం కూడా ఆయన చూడలేదు. ఒక చదువుకు ఇంట్లోవాళ్లు కట్టే ఫీజు ఎప్పుడూ రూపాయల్లోనే ఉండదు.

పగలు క్లాసు, రాత్రి ఊడిగం

హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల డిప్లొమాలో చేరినప్పుడు ఆయన చేతిలో స్కాలర్‌షిప్ లేదు. మన ఎల్.ఎం.ఎస్. పట్టాకు అక్కడ డాక్టరు ఉద్యోగమూ రాదు. ఒక ఆస్పత్రిలో రాత్రిపూట వార్డు పని చేశారు. రోగుల మలమూత్రాల పాత్రలు కడిగారు. ఆ జీతంతో తిన్నారు, చదివారు.

డిప్లొమా అయ్యాక అక్కడే సైరస్ ఫిస్క్ దగ్గర జీవరసాయన శాస్త్రంలో చేరారు. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో కొలిచే పద్ధతిని 1925లో ఇద్దరూ కలిసి ప్రకటించారు. వైద్య విద్యార్థులు దాన్ని ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అనే చదువుకుంటారు. కండరాల్లో శక్తిని దాచిపెట్టే ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో, శరీరంలోని ప్రతి కణం ఖర్చుపెట్టే శక్తి పదార్థం ఏటీపీని 1929లో గుర్తించారు. ఏటీపీని అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా విడిగా కనుగొన్నారు. 1930లో సుబ్బారావుకు పీహెచ్‌డీ వచ్చింది. కానీ హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ పరిశోధనశాలకు వెళ్లారు. అక్కడ పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు. అన్నదమ్ముల్ని మింగిన స్ప్రూకు పనికొచ్చే ఫోలిక్ యాసిడ్‌ను ఆయన బృందం 1945కల్లా కృత్రిమంగా తయారుచేసింది. ఇవాళ మన గర్భిణులకు ఇచ్చే ఐరన్ మాత్రల్లో ఉండే ఫోలిక్ యాసిడ్ అదే.

కంటిదాకా వచ్చిన నాలుగు దారులు

మొదటిది ఏటీపీ. కంటి వెనక తెరలా ఉండే రెటీనా, తన బరువుతో పోల్చి చూస్తే శరీరంలో అత్యధికంగా శక్తి ఖర్చుచేసే భాగాల్లో ఒకటి. వెలుగును గుర్తుపట్టే కణాలకు ఏటీపీ అందకపోతే చూపు లేదు. అందుకే రెటీనాకు రక్తం ఆగితే గంటల్లోనే చూపు శాశ్వతంగా పోవచ్చు. నొప్పి లేకుండా ఒక కన్ను ఉన్నట్టుండి చీకటైతే పొద్దున చూద్దాంలే అనుకోకండి. ఆ గంటలోనే ఆస్పత్రికి బయల్దేరండి.

రెండోది ఆ పసుపు ట్యూబు. ఉద్యోగ విరమణ చేసిన బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్తను డెబ్బై దాటిన వయసులో లెడర్లీ పనిలోకి తీసుకుంది. మిస్సోరీలోని ఒక పొలం నుంచి వచ్చిన మట్టిలో ఆయనకు బంగారు రంగు సూక్ష్మజీవి దొరికింది. దాన్నుంచి తీసిన మందే ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్ల కుటుంబంలో పెద్దది. ప్రపంచానికి అది 1948లో పరిచయమైంది. కంటి వైద్యంలో దాని విలువ ట్రకోమా దగ్గర తెలిసింది. ఈ జబ్బులో రెప్ప లోపలి పొర మళ్లీ మళ్లీ వాచి, మచ్చకట్టి, రెప్ప లోపలికి మడుచుకుంటుంది. వెంట్రుకలు నల్లగుడ్డు మీద గీసుకుని గీసుకుని చివరికి చూపు పోతుంది. మురికి చేతులు, ఒకరి తువ్వాలు ఒకరు వాడటం, ఈగలు దీన్ని ఇంటిల్లిపాదికీ అంటిస్తాయి. మన దేశంలో ట్రకోమా మీద జాతీయ కార్యక్రమం 1963లో మొదలైంది. టెట్రాసైక్లిన్ ఆయింట్‌మెంట్ దశాబ్దాల పాటు ఆ పోరులో ముఖ్యమైన ఆయుధం. భారత్‌లో ట్రకోమా ఇక ప్రజారోగ్య సమస్య కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ప్రకటించింది. ఇందులో మందుతోపాటు మంచినీళ్లకు, ముఖం కడుక్కునే అలవాటుకు, మరుగుదొడ్లకు కూడా వాటా ఉంది.

మూడోది మెథోట్రెక్సేట్. ఫోలిక్ యాసిడ్ నిర్మాణాన్ని కాస్త మార్చి, దాని పనిని అడ్డుకునే మందుల్ని సుబ్బారావు బృందం తయారుచేసింది. వాటిలో ఒకటైన అమైనోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ బ్లడ్ క్యాన్సర్ ఉన్న పిల్లలకు వాడి, తాత్కాలికంగానైనా జబ్బు తగ్గించవచ్చని 1948లో చూపించారు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్‌ను కీళ్లవాతానికి, కంటి లోపల వచ్చే యువైటిస్ అనే వాపుకు ఇప్పుడు వాడుతున్నాం. మీ ఇంట్లో ఎవరైనా ఈ మాత్ర వేసుకుంటుంటే ఇది గుర్తుంచుకోండి. ఈ జబ్బులకు దీన్ని వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ మింగితే ప్రాణం మీదికొస్తుంది. దీంతోపాటు డాక్టరు ఫోలిక్ యాసిడ్ కూడా రాస్తారు. చీటీలో పక్కపక్కనే ఉండే ఆ రెండు మాత్రల వెనకా ఉన్నది ఈ ఒక్క మనిషి బృందమే.

నాలుగోది హెట్రజాన్. మీకు తెలిసిన పేరు డీఈసీ. ఉమ్మడి నల్గొండ జిల్లాలో బోదకాలు నివారణకు ఇంటింటికీ తిరిగి మింగించే మాత్ర ఇదే. లెడర్లీ బృందం 1947లో దీన్ని వెలుగులోకి తెచ్చింది. ఆఫ్రికాలో ఏటి ఒడ్డు పల్లెల్ని గుడ్డివి చేసిన నదీ అంధత్వానికి కారణం కూడా ఫైలేరియా జాతి పురుగే. దానికీ మొదట హెట్రజాన్‌నే వాడారు. పురుగు పిల్లలు చచ్చేవి కానీ, అవి ఒక్కసారిగా చచ్చినప్పుడు కంట్లో వాపు పెరిగి కొందరికి చూపు ఇంకా దెబ్బతినేది. అందుకే తర్వాత దాన్ని పక్కనపెట్టి ఐవర్‌మెక్టిన్‌కు మారారు. బోదకాలుకు మాత్రం ఇప్పటికీ డీఈసీ పనికొస్తూనే ఉంది. ఒక మందు ఒకచోట మేలు చేసి మరోచోట కీడు చేయొచ్చని తెలుసుకోవడం కూడా పరిశోధనే. మళ్లీ ఎవరో ఒక విద్యార్థి కూర్చుని వెతికితేనే అది తెలుస్తుంది.

రాని బహుమతి, అందిన ఆసరా

1948 ఆగస్టులో సుబ్బారావు నిద్రలోనే గుండె ఆగి చనిపోయారు. వయసు 53. ఆరియోమైసిన్ పేరు లోకానికి తెలిసిన ఏడాదే అది. అమెరికా పౌరసత్వం తీసుకోలేదు. నోబెల్ రాలేదు. ఆయన పేరు మీద మన తపాలా శాఖ స్టాంపు వేసింది శతజయంతి ఏడాది, అంటే 1995లో.

బహుమతులు వద్దని నేననడం లేదు. పోర్చుగల్‌లోని చంపాలిమో ఫౌండేషన్ చూపు రంగంలో కృషికి పది లక్షల యూరోల అవార్డు పెట్టింది. 2007లో మొదటిసారి అది మధురైలోని అరవింద్ కంటి ఆస్పత్రికి వచ్చింది. అలాంటి గౌరవం ఆ రంగానికే వెలుగు. కానీ బహుమతి గట్టుకు చేరినవాడి మెడలో పడుతుంది. ఉపకార వేతనం ఏటి మధ్యలో ఉన్నవాడి చేతికి అందుతుంది. సుబ్బారావుకు మొదటిది దక్కలేదు. రెండోది, అదీ అరకొరగానే, దక్కింది. ఆ అరకొర లేకపోతే పైన చెప్పిన నాలుగు దారులూ ఆయన చేతుల్లో మొదలయ్యేవి కావు. ఆయన పేరు రాసుకున్న కాకినాడ ధర్మసంస్థకు తమ డబ్బు ఒకనాటికి మందుల రూపంలో తిరిగొస్తుందని తెలిసే అవకాశమే లేదు.

మన ఊళ్ల సంగతి

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. 2018 ఆగస్టు 15న మొదలైన కంటి వెలుగు శిబిరాల్లో మీలో చాలామంది పరీక్ష చేయించుకునే ఉంటారు. ఆ బల్ల దగ్గర కూర్చుని అద్దాల నంబరు చూసినవాళ్లు ఆప్టోమెట్రిస్టులు, ఆప్తాల్మిక్ అసిస్టెంట్లు. షుగర్ రోగుల్ని రోజూ చూసే ఫిజీషియన్‌గా చెబుతున్నాను, మాకు ఇలాంటివాళ్లు ఇంకా ఎంతోమంది కావాలి. షుగర్ ఉన్న ప్రతి ఒక్కరికీ ఏడాదికోసారి రెటీనా పరీక్ష జరగాలి. చూపు మసకబారేదాకా ఆగితే అప్పటికే ఆలస్యమవుతుంది. ఆ పరీక్ష చేసే చేతులు తక్కువ, అడిగే కళ్లు ఎక్కువ.

బైపీసీ చదివి మెడిసిన్ సీటు రాని పిల్లలకు ఆప్టోమెట్రీ మంచి దారి.  సినీ దర్శక నిర్మాత ఎల్.వి. ప్రసాద్ కుటుంబం స్థలం, డబ్బు ఇవ్వగా 1980ల్లో హైదరాబాద్‌లో మొదలైన ఎల్.వి. ప్రసాద్ కంటి సంస్థలో ఈ చదువుతోపాటు చూపు మీద పరిశోధన కూడా జరుగుతోంది. అర్హులైన పిల్లలు ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు ఈపాస్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. ఎంబీబీఎస్ విద్యార్థులు రెండు నెలల చిన్న పరిశోధన చేసేందుకు ఐసీఎంఆర్ స్టైపెండ్ ఇచ్చే పథకం ఉంది. ఎమ్మెస్సీ తర్వాత పరిశోధనకు వెళ్లేవారికి నెట్ ద్వారా జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ వస్తుంది. విదేశాల్లో పైచదువుకు రాష్ట్ర ప్రభుత్వ ఓవర్సీస్ విద్యానిధి పథకాలున్నాయి. నిబంధనలు, తేదీలు మారుతుంటాయి కాబట్టి ఏ ఏడాదికా ఏడాది నోటిఫికేషన్ చూసుకోండి. ఆదాయ, కుల ధ్రువపత్రాలు, బ్యాంకు ఖాతా, ఆధార్ వివరాల్లో పేరు ఒకేలా ఉందో లేదో ఫలితాలకు ముందే సరిచూసుకోండి. అక్షరం తేడాతో దరఖాస్తు ఆగిపోతే పోయేది పిల్లల ఏడాది.

ఇక ఇవ్వగలిగినవాళ్లకు ఒక మాట. మిర్యాలగూడలో రైసు మిల్లులున్నాయి. కోదాడ, సూర్యాపేటల్లో హైవే మీద పెరిగిన వ్యాపారాలున్నాయి. అమెరికాలో స్థిరపడిన పిల్లలున్న ఇళ్లకు కొదవలేదు. అమ్మానాన్నల పేరు మీద బడికి బీరువాలు, గుడికి గంటలు ఇస్తున్నాం. కాలేజీలో ఫస్ట్ వచ్చినవాళ్లకు బంగారు పతకం పెట్టేవారూ ఉన్నారు. మంచిదే. కానీ ఫస్ట్ వచ్చిన పిల్లకు పతకం లేకపోయినా సీటు వస్తుంది. హాస్టల్ ఫీజు కట్టలేక రెండో ఏడాది మానేద్దామా అని ఊగిసలాడే పిల్లకు ఆ డబ్బు దారి అవుతుంది. సూర్యాపేటలో 2019 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. చుట్టుపక్కల పారామెడికల్ చదివే పిల్లలున్నారు. ఒక ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసి, దాని వడ్డీతో ఏటా ఒక్కరికి, కంటి వైద్యం వైపు వెళ్లే ఒక్క విద్యార్థికి, పుస్తకాలు, హాస్టల్ ఖర్చు ఇవ్వొచ్చు. మార్కులతోపాటు అవసరం కూడా చూసి ఇవ్వండి. ఒకసారి తప్పిన పిల్లలు దరఖాస్తు పెట్టుకుంటే పక్కన పెట్టకండి. మెట్రిక్ మూడోసారి పాసైన కుర్రాడి కథ ఇంతసేపూ చదివారుగా.

అంత స్తోమత లేనివాళ్లు కూడా ఈ వారం చేయగలిగిన పని ఒకటుంది. మీ వీధిలో సైన్స్ చదువుతున్న పిల్లల్ని పిలిచి, పైన చెప్పిన పథకాల్లో వాళ్లకు ఏది వర్తిస్తుందో కూర్చుని చూడండి. మీసేవ దాకా తోడు వెళ్లి ఆ ధ్రువపత్రాలు పెట్టించండి. సుబ్బారావు స్నేహితులు చేసింది కూడా అంతే, తలా కొంచెం.